తాత బిగించిన ఎడమ చక్రం

మా తమ్ముడి కొడుకు ఈమధ్య కొత్త పికప్ కొన్నాడు. ఇంటి ముందు నిలిపి, పసుపూ కుంకుమా పెట్టి, ఇంటికి పెద్దదాన్నని నన్ను ముందు సీట్లో కూర్చోమన్నాడు. నేను వెంటనే ఎక్కలేదు. కొంగు దోపుకుని ముందు చక్రం దగ్గర వంగి వాసన చూశాను. కొత్త రబ్బరు వాసన తప్ప ఏమీ లేదు. దీనికి గ్రీజు ఎన్నాళ్ళకొకసారి పెడతావని అడిగితే వాడు నవ్వాడు.

"గ్రీజు పెట్టే పనే లేదత్తా. అంతా సీలు చేసిండేదే. చెడిపోతే తీసేసి కొత్తది ఎక్కిస్తారు."

"లోపల ఏమైందో నువ్వు చూడవా?"

"చూసి నేనేం చేసేది?"

వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా సీట్లో కూర్చుని ఊరి చివరిదాకా పోయివచ్చినంతసేపూ నా అరచేతులు చెమటతో తడిసే ఉన్నాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా నోటితో చెప్పగలిగేదాన్ని కాదు. నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక. ముందు అంగనవాడి టీచరమ్మ దగ్గర కన్నడం, తర్వాత హిందూపురం వైపునుంచి వచ్చిన కోడలి దగ్గర తెలుగు. రాయడం నెమ్మదిగా సాగుతుంది. నెమ్మదిగానే చెబుతాను.

మాది కన్నడ దేశం అంచున, బాగేపల్లికి ఆవల గుట్టల మధ్య ఊరు. నా చిన్నతనంలో మా పంట ఏదైనా చింతామణి మార్కెట్టుకే పోయేది. మొదట్లో తాత ఎద్దుల బండి మీద తోలుకుపోయేవాడు. ఎద్దుల పేర్లు పిలుస్తూ, దారి పొడుగునా వాటికి ఇంటి సంగతులు చెబుతూ పోయేవాడట. బండి ఇరుసుకు రాసే కందెన ఆయనే తయారు చేసేవాడు. పాత గోనెపట్టా, వరిగడ్డి కాల్చి, ఆ మసిని మెత్తగా నూరి, ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాడు. ఆ గొట్టం పక్కగా పోతే చాలు, ఆముదమూ మసీ కలిసిన ఘాటైన వాసన వచ్చేది. ఆ వాసన తాత పంచెలోనూ, పైగుడ్డలోనూ, ఆయన నా తల మీద చెయ్యి వేస్తే నా జుట్టులోనూ ఉండేది. నాకది తాత వాసన.

తర్వాత నాయన ఎద్దుల్ని అమ్మి, ఎవరో నడిపి వదిలేసిన పాత డీజిల్ పికప్ ఒకటి తెచ్చాడు. అది వచ్చిన రోజు తాత చేనికిపోయి పొద్దుగూకేదాకా రాలేదు. వచ్చాక దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, దీనికి కళ్ళుండాయి గానీ చూపు లేదు అన్నాడట. ఎద్దయితే గుంతను చూసి తానే ఆగుతుంది, ఇది ఆగదని ఆయన బాధ. ఆ పికప్పును ఆయన ఎప్పుడూ ఎక్కలేదు. చింతామణికి పనిబడితే బస్సులో పోయేవాడు. ఎద్దుల బండిని మాత్రం పశువుల కొట్టంలోనే ఉంచాడు. కందెన గొట్టం దూలానికి వేలాడుతూ ఉండేది. ఎండాకాలంలో అందులో ఆముదం పోసి, మసి కలిపి, కదలని బండి ఇరుసుకు రాసేవాడు.

మాకు భయం పట్టుకున్నది ఒక చలికాలంలో. పక్క ఊరివాళ్ళ పికప్పుకు పరుగులో ముందు చక్రం ఊడి, బండి గుంతలో పల్టీ కొట్టి, తోలేమనిషి చనిపోయాడు. ఆయన మా నాయనకు బాగా తెలిసినవాడు. మా ఇంట్లో కాఫీ తాగి పోయినవాడు. చక్రం బోల్తా పడకుండా చాలాదూరం తనంతట తాను దొర్లుకుంటూ పోయి, ఒక ఇంటి గోడకు ఆనుకుని నిలబడిందని ఆడవాళ్ళు బోరింగు దగ్గర చెప్పుకున్నారు. ఆ ఒంటరి చక్రం నా కలల్లోకి వచ్చేది. అమ్మకు అప్పుడు మా తమ్ముడు చంటిబిడ్డ. నాయన మార్కెట్టుకు పోయిన రోజున పికప్పు చప్పుడు వినబడేదాకా అమ్మ ముద్ద నోట్లో పెట్టేది కాదు. సంకటి చల్లారి గట్టిపడేది. తాత వీధి అరుగు మీదనుంచి లేచేవాడు కాదు.

నాయన ఆ చావు కబురు విన్నప్పటినుంచి మెకానిక్కుల్ని నమ్మడం మానేశాడు. ముందు చక్రాల పని తానే చేసుకుంటానన్నాడు. చింతామణిలో ఒక షెడ్డు ముందు కూర్చుని, వాళ్ళు ఏం విప్పుతున్నారో, ఏం బిగిస్తున్నారో చూసి వచ్చాడు. మా వైపు అమావాస్యనాడు బండి కట్టరు, సరుకెత్తరు. అందుకని అదే మా ఇంట గ్రీజు పెట్టే రోజు అయింది. పొద్దున గ్రీజు, మధ్యాహ్నం స్నానం, సాయంకాలం పూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవరకూ ఆ రోజు అయిపోయినట్టు కాదు.

అది అవరేకాయల కాలం, మీరు అనపకాయలంటారు. అమావాస్య పొద్దున్నే అమ్మ గింజలు నానబెట్టేది. వాటి తోలు పితికి తీసి చేసే పితికిపప్పు వాసన ఒకపక్క, కిరసనాయిలు, గ్రీజు వాసన ఇంకోపక్క. ఇప్పటికీ పితికిపప్పు తింటుంటే నాకు కిరసనాయిలు గుర్తొస్తుంది.

నాయన పనికి నేను చేతి సాయం. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టడం నా పని. నాయన జాకీ వేసి ముందు భాగం ఎత్తి, జాకీని నమ్మక, ఇరుసు కింద రెండు మొద్దులు దూర్చేవాడు. తర్వాత వెల్లకిలా పడుకుని కిందికి దూరేవాడు. బయటికి ఆయన పాదాలు మాత్రమే కనిపించేవి. అమ్మ వంటింట్లోంచి వచ్చి, నాయనను మాట్లాడిస్తూ ఉండమని నాకు చెప్పి పోయేది. మాట ఆగితే తనను కేకెయ్యాలి. అందుకని నేను నోటికి వచ్చిందల్లా అడిగేదాన్ని. చేపలు నిద్రపోతాయా, చింతామణిలో కోతులు ఎందుకు లేవు, పెళ్ళైతే నేనూ బండి తోలవచ్చా. నాయన విసుక్కుంటూనే జవాబు చెప్పేవాడు. ఒకోసారి బోల్టు తిరగక ఊపిరి బిగబట్టి ఊరుకునేవాడు. అప్పుడు నేను వంగి బండి కిందికి చూసేదాన్ని.

స్టీరింగు తిరిగేచోట్ల చిన్న చిన్న ఇనుప మూతులు ఉండేవి. వాటికి గ్రీజు గన్ను తగిలించి కొడితే, పాత గ్రీజు మట్టితో కలిసి నల్లగా పక్కనుంచి ఉబికివచ్చేది. దాని వెనక కొత్త గ్రీజు పసుపుగా కనబడేదాకా కొట్టాలి. నేను చూసి చెప్పేదాన్ని. ఆ పాత గ్రీజుతో ఒకసారి ఉయ్యాల్లో నిద్రపోతున్న తమ్ముడికి మీసాలు పెట్టాను. అమ్మ వాడి మూతి కడగలేక, కొబ్బరినూనె రుద్దీ రుద్దీ ఎర్రగా చేసింది. నాకు వీపు మీద పడ్డాయి. తాత మాత్రం మనవడు మీసాలతో పుట్టినట్టుండాడని ఆ రోజంతా నవ్వాడు.

చక్రం లోపలి పని దీనికన్నా పెద్దది, ఎప్పుడో ఒకసారి చేసేది. చక్రం విప్పి, మధ్యలో ఉన్న రేకు మూత కొట్టి తీసి, వంచిన పిన్ను ఊడబీకి, పెద్ద నట్టు విప్పితే, లోపలినుంచి బేరింగు వచ్చేది. దాన్ని కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, అరచేతిలో గ్రీజు వేసుకుని, బేరింగును దాంట్లోకి అదిమి అదిమి, ప్రతి సందులోనూ గ్రీజు దూరేలా చేసేవాడు నాయన. మళ్ళీ ఎక్కించాక నట్టును గట్టిగా బిగించి, తర్వాత కొంచెం వెనక్కి వదిలేవాడు. అలా వదలడం చూసినప్పుడల్లా అరుగు మీద ఉన్న తాత ముఖం మారిపోయేది.

"బిగించిండేదాన్ని మళ్ళా ఏమిటికి వదులు చేస్తాండావు?" అని అడిగాడు ఒకసారి.

"వదులు లేకుంటే వేడెక్కి పట్టేస్తాది నాయనా."

"వదులైతే ఊడిపోతాది. పక్కూరి ఆయప్పది ఊడిపోలేదా?"

నాయన నట్టు కదలకుండా పిన్ను దూర్చి వంచాడు. తాత భయం ఏమిటో మా అందరికీ తెలుసు. ఆయనకు నాయన ఒక్కడే కొడుకు.

ఆ చలికాలంలోనే ఒక అమావాస్యనాడు నాయన రెండు చక్రాల లోపలి పనీ పెట్టుకున్నాడు. మర్నాడు టమోటా బాక్సులతో చింతామణికి పోవాలి. కుడి చక్రం పూర్తి చేసి, ఎడమది విప్పి, బేరింగులు కడిగి పళ్ళెంలో ఆరబెట్టాడు. అంతలో చేనినుంచి మనిషి పరిగెత్తుకు వచ్చాడు. బోరు మోటారు దగ్గర పైపు పగిలి, నీళ్ళు కోతకొచ్చిన టమోటా మీద పడుతున్నాయట. నాయన చేతులు తుడుచుకుని లేచాడు. వచ్చేదాకా ఎవరూ దీన్ని తాకొద్దని చెప్పి పోయాడు.

నేను పళ్ళెం దగ్గర కోళ్ళు రాకుండా కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. నాయన రాలేదు. తాత అరుగు దిగివచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. గ్రీజు డబ్బాలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య సాగదీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దీనికి వాసనే లేదు, నీళ్ళమాదిరి ఉండాది అన్నాడు. అది నీళ్ళలా లేదు. కానీ తాత అన్నాక నాకూ అలాగే కనిపించింది. ఆయన లేచి కొట్టంలోకి పోయి, దూలానికున్న కందెన గొట్టం దించుకుని వచ్చాడు.

నాకు భయం వేసింది. నాయన తాకొద్దన్నాడని చెప్పాను.

"మీ నాయనకు నడక నేర్పించిండేది నేను," అన్నాడు తాత. "నా కందెన రాసిన చక్రం చింతామణికి ఎన్నిసార్లు పోయొచ్చిందో నీకు తెలుసునా పాపా? ఒక్కనాడైనా ఊడిందా?"

ఆయన చేతులు చాలా నేర్పుగా కదిలాయి. బేరింగు సందుల్లోకి కందెన నింపి, చక్రం నడిమి గూడు, ఆ హబ్బులోనూ నింపి, నాయన చేసినట్టే ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాడు. అరుగు మీద కూర్చుని అంతా చూసి పెట్టుకున్నాడన్నమాట. చివరికి నట్టు దగ్గరకు వచ్చాడు. పానా మీద కాలు పెట్టి తొక్కి బిగించాడు. వెనక్కి వదల్లేదు. పిన్ను వేసి వంచి, మూత కొట్టి, చక్రం ఎక్కించాడు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. అది కొంచెం కూడా కదల్లేదు. అప్పుడాయన ముఖంలో కనిపించిన నెమ్మదిని అంతకుముందు నేను ఆ చలికాలమంతా చూడలేదు.

"కందెన మాట మీ నాయనకు చెప్పొద్దు," అన్నాడు. "నడిచినాక నేనే చెప్తాను."

నాయన పొద్దు వాలాక వచ్చాడు. ఒళ్ళంతా బురద, చలికి వణుకుతున్నాడు. ఎడమ చక్రం ఎక్కించి ఉండడం చూసి నిలబడిపోయాడు. ఎవరు చేశారని అడిగాడు. నేనే చేస్తినని తాత చెప్పాడు. పిన్ను వేశావా అని నాయన అడిగితే, చక్రం ఎక్కించడం నాకు నేర్పిస్తావా అని తాత ఎదురు అడిగాడు. నాయన వంగి చక్రాన్ని ఊపి చూశాడు. అది కదల్లేదు. నేను నాయన ముఖమే చూస్తున్నాను. విప్పి చూద్దామని ఆయన చెయ్యి పానా వైపు పోయింది. తాత అక్కడే నిలబడి ఉన్నాడు. తండ్రి చేసిన పనిని తండ్రి కళ్ళ ముందే విప్పడం మా ఇళ్ళలో జరిగే పని కాదు. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"పొద్దున నేనూ వస్తాను చింతామణికి," అన్నాడు తాత. "మీ బండిలోనే."

అమ్మ సంతోషం పట్టలేకపోయింది. అంత కాలానికి ఆయన మెత్తబడ్డాడని ఆమె అనుకుంది. ఆ సాయంకాలం పూజకు నిమ్మకాయలు తనే ఏరి పెట్టింది. పితికిపప్పులో నెయ్యి కూడా ఎక్కువ వేసింది. నేను ముద్ద కలుపుతూనే కూర్చున్నాను. నాయనకు చెబితే తాత మనసు విరుగుతుంది. చెప్పకపోతే ఏమవుతుందో నాకు నిజంగా తెలియదు. ఏమీ కాదేమో కూడా. తాత కందెన ఎన్నో ఏళ్ళు నడిచిందే కదా. కానీ బిగించిన నట్టు మాత్రం నా కళ్ళముందునుంచి పోలేదు.

తెల్లవారగానే బయలుదేరాం. నాయన స్టీరింగు దగ్గర, నేను మధ్యలో, తాత ఎడమ పక్క కిటికీ దగ్గర. మార్కెట్టులో బాక్సుల దగ్గర కాపలాకు నేను ఎప్పుడూ పోయేదాన్నే. వెనక బాక్సుల మీద కరివేపాకు అమ్ముకునే అవ్వ ఒకామె ఎక్కింది. తాతను చూసి ఆమె ఊరుకోలేదు.

"ఏమప్పా పెద్దాయనా, ఎద్దుల్లేని బండి ఎక్కితివే. దీనికి గడ్డి ఎవరు వేస్తారు?"

"నేనే వేస్తి, నిన్న," అన్నాడు తాత. నాకేసి చూసి కళ్ళతో నవ్వాడు.

బయట మంచు దట్టంగా ఉంది. దారి పక్క రాళ్ళు దగ్గరికి వచ్చాకే కనబడేవి. తాత కిటికీలోంచి తల బయటికి పెట్టి చక్రం చూసుకుంటూ కూర్చున్నాడు. చేలూరు దారి పట్టాక నాకు వాసన వచ్చింది. ఆముదం వాసన. అది తాత పంచెది అనుకున్నాను. ఆయన పక్కన కూర్చుంటే ఎప్పుడూ వచ్చేదే కదా అనుకున్నాను. కానీ పంచె వాసన చల్లగా ఉంటుంది. ఇది వేడిగా ఉంది. నాయనవైపు చూశాను. నిన్న నీళ్ళలో నానినందువల్ల ఆయనకు పడిశం పట్టి, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. నోటితో గాలి పీలుస్తూ తోలుతున్నాడు.

ఆ పికప్పు అడుగు రేకు తాత కాళ్ళ దగ్గర తుప్పు పట్టి, చిల్లు పడి ఉండేది. అందులోంచి వెచ్చటి గాలి వస్తోంది. తాత చెప్పులు విడిచి పాదాలు ఆ చిల్లు మీద పెట్టుకున్నాడు.

"దీంట్లో ఇదొకటి బాగుండాది," అన్నాడు. "చలికి కాళ్ళు వెచ్చగా ఉండాయి."

నాయన నవ్వాడు. నేను ఆ పాదాలను చూస్తూ కూర్చున్నాను. పగిలిన మడమలు, ఒళ్ళో ఉన్న చేతుల గోళ్ళలో ఇంకా నల్లగా కందెన. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. తాత ముఖం చూసి నోరు రాలేదు. మలుపు దాటాక చెప్పాలి అనుకున్నాను. మలుపు దాటింది. తర్వాత ఒక పెద్ద దిగుడు ఉంది. దాని చివర దారి చెరువు కట్ట మీదుగా పోతుంది. ఎడమ పక్క నీళ్ళు, కుడి పక్క లోతున వరిమళ్ళు. కట్ట అంచున పాతిన రాళ్ళలో సగం పడిపోయాయి. పక్క ఊరాయన పడింది ఇక్కడ కాదు గానీ, నేను కలలో చూసే చక్రం ప్రతిసారీ ఈ కట్ట మీదే దొర్లేది.

దిగుడు మొదలైంది. వాసన మారింది. ఆముదం పోయి, మాడిన వాసన మిగిలింది. ముందు భాగంలో ఎక్కడో సన్నగా ఏదో గీరుకుంటున్న చప్పుడు. స్టీరింగు ఎడమకు లాగుతుంటే నాయన కుడికి తిప్పి పట్టుకుంటున్నాడు. గాలి తగ్గినట్టుందని తనలో తాను అనుకున్నాడు. తాత పాదాలు చటుక్కున పైకి తీసుకున్నాడు. రేకు కాలింది.

నేను నాయన తొడ మీద చెయ్యి వేశాను.

"నాయనా, ఎడమ చక్రంలో కందెన ఉండాది. కాల్తాండాది."

నాయన నావైపు చూడలేదు. తాతవైపూ చూడలేదు. గట్టిగా బ్రేకు తొక్కలేదు. గేరు ఒక్కొక్కటే తగ్గించాడు. వెనక బరువు మమ్మల్ని తోసుకుంటూ వస్తోంది. మంచులో కట్ట కనిపించింది, నీళ్ళు కనిపించలేదు, అదే ఇంకా భయం. కట్ట మీదికి వచ్చామో లేదో చక్రం పట్టేసింది. పెద్ద అరుపులాంటి చప్పుడు. బండి ముక్కు ఎడమకు తిరిగింది. తాత చెయ్యి నా ఛాతీకి అడ్డంగా వచ్చి నన్ను సీటుకు అదిమింది. నాయన స్టీరింగు మీద ఒళ్ళంతా వేసి కుడికి లాగుతున్నాడు. తిరగని చక్రం మట్టిలో చాలు తీసుకుంటూ అంచుదాకా జారి, పాతిన రాయికి కొట్టుకుని ఆగింది.

ఇంజను ఆగిపోయింది. వెనక తాడు తెగి బాక్సులు జారుతున్న చప్పుడు. ఒక్కొక్కటే నీళ్ళలో పడుతున్నాయి. అన్నిటికన్నా ముందు నాయన అవ్వను పిలిచాడు. ఆమె జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. "ఉండానప్పా," అన్నది చివరికి. "ఉండాను. కరివేపాకే పోయింది."

మేము కుడి పక్క తలుపులోంచి ఒకరి తర్వాత ఒకరం దిగాం. ఎడమ తలుపు కింద నేల లేదు. మంచు కొంచెం విడిచాక నీళ్ళు కనిపించాయి. వాటి మీద మా టమోటాలు ఎర్రగా తేలుతూ, గాలికి మెల్లగా అవతలికి పోతున్నాయి. నేను కట్ట మీదే కూర్చున్నాను. అవ్వ నా వీపు నిమురుతూ తనే ఏడ్చింది.

నాయన వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాడు. దారిన వచ్చిన పాలవ్యాను వాళ్ళు తాడు వేసి బండిని వెనక్కి లాగిపెట్టారు. తర్వాత నాయన చక్రం విప్పాడు. మధ్య మూత తీయగానే పొగ వచ్చింది. ఇనుము నీలిరంగుకు తిరిగింది. కందెన మాడి నల్లటి పెచ్చుగా అంటుకుపోయింది. తాత వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. నిన్న మధ్యాహ్నం కూర్చున్నట్టే. నాయన ఇప్పుడు ఏమంటాడో అన్న భయం నీళ్ళ భయంకన్నా తక్కువేమీ కాదు. నాయన అరిస్తే తాత ఆ కట్ట మీదనుంచి ఇంటికి రాడని నాకు అనిపించింది.

"బేరింగు పాతది నాయనా," అన్నాడు నాయన, తల ఎత్తకుండా. "నేను పోయిన నెలే మార్చాల్సింది."

తాత ఆ నల్లటి పెచ్చును గోటితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వేలిని తన పంచెకు తుడుచుకున్నాడు.

"పాప చెప్పకుంటే?" అన్నాడు.

నాయన పానా కింద పెట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

బేరింగు తేవడానికి నాయన చింతామణికి బస్సెక్కాడు. అవ్వను బండి దగ్గర కాపలా ఉంచాం. తాత బస్సు ఎక్కనన్నాడు. ఇంటికి నడిచే పోతానన్నాడు. నాయన నన్ను ఆయనతో పంపాడు, ఆయన్ను నాకు తోడుగానో, నన్ను ఆయనకు తోడుగానో. దారిలో ఏదైనా లారీ వస్తే తాత నన్ను పక్కకు లాగి, అది పోయేదాకా నిలబడేవాడు. ఒక చేను గట్టు మీద కూర్చుని, ఎవరినో అడిగి పచ్చి అవరేకాయలు తెచ్చి, ఒలిచి నా చేతిలో పోశాడు. తను తినలేదు. మళ్ళీ లేచి నడవబోతూ, నావైపు తిరగకుండానే అన్నాడు.

"ఇంక మీద ఎవరైనా చెప్పొద్దంటే, అదే ముందు చెప్పల్ల. నేనన్నా సరే."

ఆ మాట తర్వాత నా బతుకులో చాలాసార్లు గుర్తొచ్చింది. చెప్పొద్దు అన్నవాళ్ళు చాలామంది తగిలారు, మెట్టినింట్లోనూ, బయటా. కొన్ని చెప్పాను. కొన్ని చెప్పడానికి దిగుడు చివరిదాకా పోయాను.

అమ్మకు మేము కందెన మాట చెప్పకూడదు అనుకున్నాం గానీ, తాతే చెప్పాడు. ఇంటికి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, వాకిట్లో నిలబడి చెప్పాడు. అమ్మ ఉయ్యాల్లోంచి తమ్ముణ్ణి తీసి ఆయన చేతుల్లో పెట్టి, లోపలికి పోయి తలుపు మూసుకుంది. చాలాసేపటికి ముఖం కడుక్కుని బయటికి వచ్చింది.

తర్వాతి అమావాస్యకు నాయన కొత్త బేరింగు మళ్ళీ విప్పి చూడాలన్నాడు. విప్పాల్సిన అవసరం లేదని ఇప్పుడు నాకు తెలుసు. తాత అరుగు మీద ఉన్నాడు, గోడవైపు తిరిగి. నాయన అంతా ఎక్కించి, నట్టు దగ్గరకు వచ్చాక పానా పట్టుకుని అరుగు దగ్గరకు పోయాడు. చెయ్యి చలికి పట్టేసింది, బిగించు నాయనా అన్నాడు. తాత గోడవైపునుంచి ఇటు తిరిగి, దిగివచ్చి, పానా తీసుకుని బిగించాడు. బిగించి, ఆగి, కొడుకు ముఖం చూశాడు.

"ఎంత వదలల్ల?"

నాయన వేళ్ళతో చూపించాడు. తాత ఆ కొంచెమే వదిలాడు. అలా వదులుతున్నప్పుడు ఆయన పళ్ళు బిగపట్టడం నేను చూశాను. చక్రం ఎక్కించాక, ఎత్తిపెట్టిన ఆ చక్రాన్ని అరచేత్తో ఒక్క తోపు తోశాడు. నాయన, నేను, తమ్ముణ్ణి ఎత్తుకుని గడపలో అమ్మ, అందరం చూస్తూ నిలబడ్డాం. చప్పుడు లేకుండా తిరిగింది. ఇన్నేళ్ళకు ఆ ఇంటివాళ్ళలో మిగిలింది నేనూ తమ్ముడే, వాడికి అది గుర్తు లేదు. తాత చెవి ఒగ్గి వింటున్నాడు. చక్రం మెల్లమెల్లగా తగ్గి, ఒకసారి కొంచెం వెనక్కి ఊగి, తనంతట తాను ఆగేదాకా మేమూ ఆయనతోపాటు విన్నాం.